కాల్చినవాడికి జైలు శిక్ష పడింది సరే, ఆస్పత్రి బిల్లు ఎవరు కడతారు?

1984 డిసెంబర్ 22న న్యూయార్క్ సబ్‌వే రైల్లో బెర్న్‌హార్డ్ గెట్జ్ అనే అతను నలుగురు కుర్రాళ్లని తుపాకీతో కాల్చాడు. వాళ్లు డబ్బులడిగారని, తనను దోచుకోబోతున్నారనుకున్నానని అతని వాదన. 1987లో క్రిమినల్ కోర్టులో జ్యూరీ, అంటే తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం, హత్యాయత్నం ఆరోపణలు కొట్టేసింది. లైసెన్స్ లేని తుపాకీ దగ్గర పెట్టుకున్న నేరం మాత్రమే నిలబడింది. ఆ నలుగురిలో ఒకతనికి వెన్నుపూస దెబ్బతిని నడుము కింద చచ్చుబడిపోయింది. అతని తరఫున వేసిన సివిల్ దావాలో 1996లో ఇంకో జ్యూరీ ఇందుకు పూర్తిగా భిన్నమైన తీర్పు ఇచ్చింది. గెట్జ్ 4.3 కోట్ల డాలర్లు కట్టాలంది. గెట్జ్ వెంటనే దివాలా పిటిషన్ పెట్టాడు. దివాలా తీసినా ఈ బాకీ రద్దు కాదని కోర్టు చెప్పింది. అయినా ఆ డబ్బు బాధితుడి చేతికి రాలేదు. లేనివాడి దగ్గర ఏం వసూలు చేస్తారు?

అమెరికాలో తుపాకీ గాయానికి నష్టపరిహారం అనగానే మన పత్రికల్లో కోట్ల డాలర్ల తీర్పులే హెడ్‌లైన్లలో కనిపిస్తాయి. ఆ అంకెల వెనక ఏముందో తెలియాలంటే గెట్జ్ కేసు నుంచే మొదలుపెట్టాలి. అందులో రెండు చిక్కుముళ్లున్నాయి.

మొదటిది తేలికైనదే. క్రిమినల్ కేసు ప్రభుత్వం నడిపేది, అందులో గాయపడ్డ మనిషి ఒక సాక్షి మాత్రమే. అక్కడ నేరాన్ని సహేతుకమైన అనుమానానికి తావు లేకుండా నిరూపించాలి. సివిల్ దావా బాధితుడు సొంతంగా వేసుకునేది. అక్కడ తూకం కాస్త తన వైపు మొగ్గితే చాలు. అందుకే ఒకే సంఘటనకి ఒక కోర్టులో నిర్దోషిగా, ఇంకో కోర్టులో బాధ్యుడిగా తేలడం వింతేమీ కాదు. క్రిమినల్ కోర్టు కూడా నేరస్థుడు బాధితుడికి డబ్బు కట్టాలని ఆదేశించవచ్చు. ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, కోర్టుల్లో హింసాత్మక నేరాలకి 1996 చట్టం దాన్ని తప్పనిసరి చేసింది కూడా. కానీ జైల్లో పని చేసి సంపాదించే చిల్లరతో ఎవరి సర్జరీ బిల్లూ తీరదు.

అసలు ముడి రెండోది. కాల్చినవాడి దగ్గర సాధారణంగా డబ్బుండదు. దొంగతనానికి వచ్చి కాల్చినవాడికి ఆస్తులెక్కడివి? చాలా సందర్భాల్లో కాల్చిందెవరో కూడా తేలదు. అందుకే మంచి లాయర్ మొదటి మీటింగ్‌లో ఆరా తీసేది, కాల్చినవాడు కాకుండా ఈ ఘటనలో ఇంకెవరికి బాధ్యత ఉంది, వాళ్లకి ఇన్సూరెన్స్ ఉందా అని. వినడానికి ఇది కాస్త మోటుగా ఉంటుంది, నిజమే. కానీ ఈ రంగమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

కారుకి ఇన్సూరెన్స్ లేకుండా రోడ్డెక్కడం అక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం. తుపాకీకి అలాంటి ఫెడరల్ నిబంధన లేదు. కాలిఫోర్నియాలోని శాన్ హొసే నగరం 2022లో తుపాకీ యజమానులు బాధ్యతా బీమా పెట్టుకోవాలని ఆర్డినెన్స్ తెస్తే, ఒక అమెరికన్ నగరం అలా చేయడం అదే మొదటిసారి. కాబట్టి తుపాకీ గాయానికి వచ్చే డబ్బు సాధారణంగా తుపాకీ బీమా నుంచి రాదు, ఇంటి బీమా నుంచో, హోటల్ బీమా నుంచో, కంపెనీ బీమా నుంచో వస్తుంది.

ఇంటి బీమా సంగతే చూడండి. ఫ్రెండ్ ఇంటికి భోజనానికి వెళ్లారు. అతను కొత్తగా కొన్న పిస్టల్ చూపిస్తుంటే అది పేలి మీ మోకాలికి తగిలింది. అమెరికాలో ఇంటి యజమానులు తీసుకునే పాలసీలో ఇల్లు కాలితే వచ్చే కవరేజీతో పాటు, యజమాని పొరపాటు వల్ల ఇతరులకి జరిగే నష్టానికీ కవరేజీ ఉంటుంది. సాధారణంగా అది లక్ష డాలర్ల నుంచి మొదలవుతుంది, మూడు లక్షలు, ఐదు లక్షలు పెట్టుకునేవాళ్లూ ఉంటారు. మనవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. "స్నేహితుడి మీద కేసేంటి, నలుగురూ ఏమనుకుంటారు?" అని మొహమాటపడి, అప్పుచేసి ఆపరేషన్ బిల్లు కట్టుకుంటారు. కాగితం మీద ప్రతివాది స్నేహితుడే, కానీ అతని తరఫున లాయర్‌ని పెట్టేదీ, పాలసీ పరిమితి దాకా డబ్బు కట్టేదీ ఇన్సూరెన్స్ కంపెనీ. ఆ ప్రీమియం అతను ఇన్నేళ్లూ కట్టింది ఇందుకే.

కానీ ఇదే పాలసీలో ఒక మెలిక ఉంది. కావాలని చేసిన గాయానికి, లేదా ఫలితం ఇలా ఉంటుందని తెలిసీ చేసిన పనికి కవరేజీ వర్తించదు. అంటే పొరపాటున పేలిన తుపాకీకి ఇన్సూరెన్స్ డబ్బిస్తుంది, కక్షతో కాల్చిన తుపాకీకి ఇవ్వదు. నేరం ఎంత ఘోరమైతే పరిహారం దొరికే దారి అంత మూసుకుపోతుందన్నమాట. బాధితుల లాయర్లు దావాలో "కావాలని కాల్చాడు" అని రాయకుండా, "అజాగ్రత్తగా ప్రవర్తించాడు" అనో, "తుపాకీని తాళం వేయకుండా పిల్లాడికి అందేలా పెట్టాడు" అనో రాయడానికి చాలాసార్లు కారణమిదే. బీమా కంపెనీ ఊరుకోదు, ఇది కావాలని చేసిందేనని అటు నుంచి వాదిస్తుంది. బాధితుడి లాయరేమో కాల్చినవాడి ఉద్దేశాన్ని చిన్నది చేసి చూపించాల్సి వస్తుంది. ఈ రంగంలో నాకు ఇంతకంటే విచిత్రంగా అనిపించిన సంగతి లేదు.

ఇక స్థలం యజమానుల సంగతి. 2017 అక్టోబర్ 1న లాస్ వేగస్‌లో మాండలే బే హోటల్ 32వ అంతస్తు కిటికీల్లోంచి ఒకడు కింద సంగీత కచేరీకి వచ్చిన జనం మీద కాల్పులు జరిపాడు. వాడు అక్కడికక్కడే ఆత్మహత్య చేసుకున్నాడు. బాధితులు హోటల్ యజమాని ఎంజీఎం రిసార్ట్స్ మీద దావాలు వేశారు. అన్ని తుపాకులు గదిలోకి చేరుతుంటే మీ సిబ్బంది ఏం చేస్తున్నారన్నది వాళ్ల ప్రశ్న. తన తప్పు ఉందని ఒప్పుకోకుండానే ఎంజీఎం 2020లో 80 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది. అందులో చాలా భాగం ఇన్సూరెన్స్ కంపెనీలు కట్టినదే.

అంత పెద్దవి కాకపోయినా, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, గ్యాస్ స్టేషన్‌లో, క్లబ్బు బయట కాల్పులు జరిగితే వేసే దావాలు ఈ కోవలోవే. భద్రత విషయంలో నిర్లక్ష్యం అన్నది ఆరోపణ. ఇందులో గెలుపోటములు ఒక్క ప్రశ్న మీద ఆధారపడతాయి. ఇలాంటిది జరగొచ్చని యజమాని ముందే ఊహించగలిగేవాడా? దానికి సాక్ష్యం ఎక్కడో దొరకదు, పోలీసు రికార్డుల్లోనే ఉంటుంది. గత రెండు మూడేళ్లలో ఆ అడ్రస్ నుంచి 911 అనే అత్యవసర నంబరుకి ఎన్ని కాల్స్ వెళ్లాయి, అందులో దోపిడీలెన్ని, కాల్పులెన్ని, గేటు పాడైందని అద్దెకుండేవాళ్లు ఎన్ని ఈమెయిళ్లు పంపారు, మేనేజర్ ఏం జవాబిచ్చాడు. వెలగని లైటు ఫోటో ఒకటి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆ లైటు గురించి మూడు నెలల ముందే ఫిర్యాదు వెళ్లిందని తేలితే కేసు బరువే మారిపోతుంది.

ఇక్కడ రాష్ట్రాన్ని బట్టి ఫలితం ఎంతలా మారుతుందో చూడండి. యజమాని నిర్లక్ష్యం నిజమేనని జ్యూరీ ఒప్పుకుంది, పది లక్షల డాలర్ల నష్టం లెక్క తేల్చింది అనుకుందాం. తప్పులో కాల్చినవాడి వాటా 90 శాతం, యజమాని వాటా 10 శాతం అని పంచే రాష్ట్రంలో, యజమాని కట్టేది లక్షే. మిగతా తొమ్మిది లక్షలు జైల్లో ఉన్నవాడి పేరు మీద కాగితంపై మిగిలిపోతాయి. ఫ్లోరిడాలో ఒకప్పుడు నేరస్థుడి కావాలని చేసిన తప్పుని, యజమాని నిర్లక్ష్యాన్ని ఇలా పక్కపక్కన పెట్టి పంచేవాళ్లు కాదు. 2023లో చట్టం మార్చి, ఇలాంటి కేసుల్లో అందరి తప్పునీ లెక్కలోకి తీసుకోవాలన్నారు. జార్జియా కూడా 2025లో ఈ తరహా దావాలను బిగించింది. రెండు రాష్ట్రాల్లోనూ వ్యాపారుల, బీమా కంపెనీల ఒత్తిడి ఫలించింది, అద్దెకుండేవాళ్ల మాట నెగ్గలేదు.

"అసలు తుపాకీ చేసినవాడి మీద వేయొచ్చుగా?" అని అందరూ అడుగుతారు. జవాబు 2005లో వచ్చిన ఒక ఫెడరల్ చట్టంలో ఉంది. పేరు ప్రొటెక్షన్ ఆఫ్ లాఫుల్ కామర్స్ ఇన్ ఆర్మ్స్ యాక్ట్. తుపాకీని ఎవరో నేరానికి వాడితే, ఆ నేరానికి తయారీదారు మీద, అమ్మినవాడి మీద దావా వేయడానికి వీల్లేదని అది చెబుతుంది. మినహాయింపులు కొన్నే. ప్రమాదకరమైన మనిషి అని తెలిసీ చేతిలో పెట్టడం, అమ్మకాలకీ ప్రచారానికీ వర్తించే చట్టాన్ని తెలిసీ ఉల్లంఘించడం, తుపాకీలోనే లోపం ఉండటం, అలాంటివి.

ఆ సందుల్లోంచి దూరి గెలిచినవాళ్లు లేకపోలేదు. మిల్వాకీలో బ్యాడ్జర్ గన్స్ అనే షాపు, వయసు చాలని కుర్రాడి కోసం ఇంకొకడు తన పేరు మీద కొంటున్నాడని కనిపిస్తున్నా తుపాకీ అమ్మింది. ఆ తుపాకీతోనే ఇద్దరు పోలీసులు గాయపడ్డారు. 2015లో జ్యూరీ వాళ్లకి దాదాపు 60 లక్షల డాలర్లు ఇవ్వాలంది. శాండీ హుక్ స్కూల్లో 2012 డిసెంబర్ 14న 20 మంది పిల్లలు, ఆరుగురు సిబ్బంది చనిపోయారు. ఆ కుటుంబాల్లో కొన్ని రెమింగ్టన్ కంపెనీ మీద వేసిన కేసులో వాదన తుపాకీ గురించి కాదు, దాని ప్రకటనల గురించి. సైనికుల ఆయుధాన్ని మామూలు కుర్రాళ్లకి మగతనంలా చూపించి అమ్మడం కనెక్టికట్ వ్యాపార చట్టానికి విరుద్ధమన్నారు. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2019లో కేసు నడవనిచ్చింది. 2022లో 7.3 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. అప్పటికి రెమింగ్టన్ రెండుసార్లు దివాలా తీసి ముక్కలుగా అమ్ముడుపోయింది. డబ్బు కట్టింది మళ్లీ ఇన్సూరెన్స్ కంపెనీలే.

ఈ రెండు ఉదాహరణలు చూసి దారి తెరుచుకుందనుకుంటే తొందరపాటే. తమ దేశంలో డ్రగ్ ముఠాలకి అమెరికా తుపాకులు చేరుతున్నాయని స్మిత్ అండ్ వెసన్ తదితర కంపెనీల మీద మెక్సికో ప్రభుత్వం వేసిన దావాను 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. ఒక దేశ ప్రభుత్వానికే సాధ్యం కానిది ఒక కుటుంబానికి సులువని ఏ లాయరైనా చెబితే, ఇంకో లాయర్ని కూడా అడగడం మంచిది.

తుపాకీలో లోపం ఉందనే కేసులు వేరు. ట్రిగ్గర్ నొక్కకుండానే పేలిందని సిగ్ సావర్ కంపెనీ పీ320 పిస్టల్ మీద చాలా దావాలు నడుస్తున్నాయి. పిస్టల్‌లో లోపం లేదని కంపెనీ వాదన. 2024 జూన్‌లో జార్జియాలో ఒక జ్యూరీ మాత్రం గాయపడ్డ యజమానికి 23 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పిచ్చింది. బొమ్మల నుంచి హెయిర్ డ్రయర్ల దాకా లోపమున్న వస్తువులను వెనక్కి రప్పించే కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్‌కి తుపాకుల మీద అధికారం లేదు. అందుకే తుపాకీలో లోపం బయటపడేది ఎక్కువగా ఇలాంటి దావాల్లోనే.

ఇప్పుడు ఒకే సంఘటనలో రెండు దారులు ఎలా విడిపోయాయో చూడండి. 2017 నవంబర్ 5న టెక్సస్‌లోని సదర్లండ్ స్ప్రింగ్స్ చర్చిలో 26 మంది చనిపోయారు. కాల్చినవాడు ఎయిర్‌ఫోర్స్‌లో ఉండగా గృహహింస కేసులో శిక్ష పడినవాడు, చట్టప్రకారం తుపాకీ కొనకూడదు. ఆ శిక్ష సంగతి ఎయిర్‌ఫోర్స్ ఎఫ్‌బీఐకి పంపలేదు. దాంతో షాపువాళ్లు చెక్ చేసినా ఏమీ కనపడలేదు. బాధితులు తుపాకీ అమ్మిన అకాడమీ స్పోర్ట్స్ షాపు మీద వేసిన కేసు 2021లో టెక్సస్ సుప్రీంకోర్టులో, 2005 చట్టం దెబ్బకి ఆగిపోయింది. ప్రభుత్వం మీద వేసిన కేసు మాత్రం నిలబడింది. ఫెడరల్ జడ్జి ప్రభుత్వానిది 60 శాతం బాధ్యత అన్నారు, 2022లో 23 కోట్ల డాలర్లకి పైగా లెక్క తేల్చారు. ప్రభుత్వం అప్పీలుకి వెళ్లి, చివరికి 2023లో 14.45 కోట్లకి రాజీ కుదుర్చుకుంది. ఫెడరల్ ప్రభుత్వం మీద ఇలాంటి కేసుల్లో జ్యూరీ ఉండదు, జడ్జే తేలుస్తారు. పైగా కోర్టుకి వెళ్లేముందు సంబంధిత శాఖకి రెండేళ్లలోపు లిఖితపూర్వకంగా క్లెయిమ్ పెట్టాలి.

పోలీసు కాల్పుల కేసుల్లో అధికారులకు ప్రత్యేక రక్షణ ఉంటుంది. అది వేరే వ్యాసమంత విషయం.

మన చదువరుల ఇళ్లకి దగ్గరగా ఉండేది పనిచోట గాయం. రాత్రి షిఫ్టులో కన్వీనియన్స్ స్టోర్ కౌంటర్ దగ్గర నిలబడ్డ కుర్రాడి భుజానికి దోపిడీదారు తూటా తగిలింది అనుకోండి. వర్కర్స్ కాంపెన్సేషన్ అనే బీమా కింద వైద్యం ఖర్చు, పని చేయలేని రోజులకి జీతంలో దాదాపు మూడింట రెండొంతులు వస్తాయి. తప్పెవరిదని ఎవరూ అడగరు. బదులుగా యజమాని మీద దావా వేసే హక్కు పోతుంది, నొప్పికీ బాధకీ విడిగా డబ్బు రాదు. టెక్సస్‌లో ప్రైవేటు యజమానులు ఈ బీమా తీసుకోకుండా ఉండొచ్చు. తీసుకోకపోతే వాళ్ల మీద నేరుగా దావా వేయొచ్చు. ఎక్కడైనా సరే, బిల్డింగ్ ఓనర్ వేరు, సెక్యూరిటీ కంపెనీ వేరు అయితే వాళ్ల మీద దావాకి ఈ అడ్డు లేదు. వర్క్ పర్మిట్ లేకుండా క్యాష్‌కి పనిచేస్తున్న స్టూడెంట్ అయితే వీసా టెన్షన్‌తో నోరు మూసుకుంటాడు. చాలా రాష్ట్రాల్లో ఈ బీమా వీసా స్థితి చూసి ఆగదు. కానీ క్లెయిమ్ పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడటం మంచిదే. తీవ్రమైన నేరానికి గురై పోలీసులకి సహకరించినవాళ్లకి యూ వీసా అనేది ఉంది, ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు, క్యూ ఏళ్ల తరబడి ఉంటుంది.

గాయం పనిలో భాగమా కాదా అన్నదే కొన్నిసార్లు కోర్టులో తేలాలి. వర్జీనియాలో న్యూపోర్ట్ న్యూస్ నగరంలోని రిచ్‌నెక్ స్కూల్లో 2023 జనవరిలో ఆరేళ్ల పిల్లాడు టీచర్ని కాల్చాడు. అది వర్కర్స్ కాంపెన్సేషన్‌తో సరిపెట్టుకోవాల్సిన గాయమని స్కూలు వర్గం వాదించింది. క్లాసులో విద్యార్థి చేతిలో తూటా తినడం టీచర్ ఉద్యోగంలో భాగం కాదని జడ్జి కేసు నడవనిచ్చారు. హెచ్చరికలు వచ్చినా పట్టించుకోలేదన్న ఆరోపణ మీద అప్పటి అసిస్టెంట్ ప్రిన్సిపల్ కోటి డాలర్లు చెల్లించాలని 2025 నవంబర్‌లో జ్యూరీ తీర్పిచ్చింది.

దావా వేయడానికి ఎవరూ దొరకనివాళ్లకి రాష్ట్ర ప్రభుత్వాల బాధితుల పరిహార నిధులున్నాయి. మొదట 1965లో కాలిఫోర్నియా పెట్టింది, 1984 ఫెడరల్ చట్టం తర్వాత అన్ని రాష్ట్రాలకీ ఫెడరల్ డబ్బు కూడా వస్తోంది. అది పన్నుల సొమ్ము కాదు, ఫెడరల్ నేరస్థులు కట్టే జరిమానాలు. కాల్చినవాడు దొరక్కపోయినా ఇస్తారు. పరిమితులున్నాయి. టెక్సస్‌లో సాధారణంగా 50,000 డాలర్ల దాకా, శాశ్వత వైకల్యం ఉంటే ఇంకో 75,000 దాకా. బీమా, ఇతర దారులు అన్నీ అయిపోయాక మిగిలిన ఖర్చుకే ఇది. పోలీసులకి ఫిర్యాదు చేయాలి, దర్యాప్తుకి సహకరించాలి. దరఖాస్తుకి టెక్సస్ మూడేళ్లు, కాలిఫోర్నియా ఏడేళ్లు గడువిస్తాయి. చాలామందికి ఈ నిధి ఉందనే తెలియదు, ఆస్పత్రిలో సోషల్ వర్కర్‌ని అడిగితే ఫారం ఇస్తారు.

సెటిల్‌మెంట్ అయ్యాక చెక్కు మొత్తం ఇంటికి రాదు. లాయర్లు ముందుగా ఫీజు తీసుకోరు, గెలిస్తే మూడో వంతు నుంచి 40 శాతం దాకా తీసుకుంటారు. నిపుణుల ఫీజు, కోర్టు ఖర్చులు విడిగా. తర్వాత వరుసలో ఆస్పత్రి, హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ ఉంటాయి. మీ వైద్యానికి పెట్టిన డబ్బు ఆ సెటిల్‌మెంట్‌లోంచి తిరిగి కట్టమంటాయి. ఆ బాకీలు బేరమాడి తగ్గించడం లాయర్ పనిలో సగం, సంతకం చేసేముందు ఆ పని ఎవరు చేస్తారో అడగాలి. శరీర గాయానికి వచ్చిన పరిహారం మీద ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. ప్రతివాదిని శిక్షించడానికి అదనంగా వేసే మొత్తం మీద మాత్రం ఉంది.

అన్నిటికంటే ముందు పరుగెత్తేది కాలం. స్టోర్ కెమెరా ఫుటేజ్ మీద కొన్ని రోజుల్లోనే కొత్త రికార్డింగ్ పడిపోతుంది. దాన్ని చెరపొద్దని లాయర్ వెంటనే నోటీసు పంపాలి. లోపమున్న తుపాకీని ఎవరూ విప్పకూడదు, పోలీసుల దగ్గరుంటే కేసు అయ్యాక ధ్వంసం చేయొద్దని రాతపూర్వకంగా కోరాలి. దావా గడువు టెక్సస్, కాలిఫోర్నియాల్లో సాధారణంగా రెండేళ్లు, టెన్నెసీలో ఒక్క ఏడాదే. న్యూయార్క్‌లో నిర్లక్ష్యం మీద దావాకి మూడేళ్లుంటే, కావాలని కొట్టిన దెబ్బకి ఏడాదే, క్రిమినల్ కేసు నడిస్తే కొంత వెసులుబాటు ఉంది. నగర ప్రభుత్వమో, ప్రభుత్వ స్కూలో ప్రతివాది అయితే ఇంకా తక్కువ. కాలిఫోర్నియాలో ఆరు నెలల్లో క్లెయిమ్ పెట్టాలి, న్యూయార్క్‌లో 90 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. తూటా దెబ్బ తిన్నవాడికి ఆ 90 రోజులూ సర్జరీలతోనే గడిచిపోవచ్చు. ఆ నోటీసు అతనే ఇవ్వక్కర్లేదు, అతని తరఫున ఇచ్చినా చెల్లుతుంది.